ముత్తాత ఫైలు

పెద్దక్కకి కోపం వస్తే గిన్నెలు మోగవు. గిన్నెలు మోగించే కోపం ఆమె అత్తగారిది. పెద్దక్క కోపమంతా వేళ్ల చివర్లలో ఉంటుంది. ఆ ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆమె మౌస్‌ని నొక్కుతున్న నొక్కుడికి, ముందు గదిలో గడ్డం గీసుకుంటున్న భర్త అద్దంలోంచే అన్నాడు.

"పాపం, మూగజీవి. అదేం చేసింది నిన్ను?"

"ఏమీ చెయ్యట్లేదు. అందుకే నొక్కుతున్నాను."

తెర మీద ఎర్ర అంచున్న చిన్న డబ్బా. పొద్దున కూర్చున్నప్పటి నుంచీ అదే డబ్బా, అందులో అదే మాట: వస్తువు స్వేచ్ఛగా కదులుతోంది, లెక్క చెయ్యడం కుదరదు.

"స్వేచ్ఛగా కదులుతోందట," అంది పెద్దక్క. "ఈ ఇంట్లో అదొక్కటే."

పెద్దక్క అన్న పేరు కాలేజీ పిల్లలు పెట్టింది. ఇంట్లో ఆమె చిన్నకోడలు. ల్యాబ్‌లో అడుగుపెట్టిన మొదటిరోజు ఆమెని చూసి కొత్త మేడమ్ అనుకుని అందరూ లేచి నిలబడ్డారు. కాదని తెలిశాక పడీపడీ నవ్వి, అక్కా అన్నారు. అక్కడున్న అక్కలందరికన్నా పదేళ్ల పైన పెద్దది కాబట్టి నాలుగు రోజుల్లో పెద్దక్క అయిపోయింది.

ఎప్పుడో ఇంజనీరింగ్ ఆఖరి సెమిస్టర్‌లో ఉండగా ఆమె తల్లికి జబ్బు చేసింది. ఆస్పత్రి బెంచీల మీద చదివి రాసిన పరీక్షలన్నీ గట్టెక్కాయి గాని ఒక్క ల్యాబ్ మిగిలిపోయింది. ల్యాబ్ అంటే బెంచీల మీద కూర్చుని చదివేది కాదు కదా. తర్వాత తల్లి పోయింది, పెళ్లయింది, ఇనప రేకులు కోసి వంచే ఒక చిన్న వర్క్‌షాపులో డ్రాయింగులు గీసే ఉద్యోగం దొరికింది. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు ఆ ల్యాబ్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ మధ్య కాలేజీ వాళ్లు ఒక కబురు పంపారు. పాత రిజిస్ట్రేషన్లకి ఇదే ఆఖరి అవకాశం. ఇప్పుడు తప్పితే ఆ ఒక్క ల్యాబే కాదు, పాసైనవన్నీ కూడా చెల్లవు. అంటే తోక ఊడకపోతే ఏనుగు కూడా వెనక్కి రావాలి.

ఆమె చదివిన రోజుల్లో ఆ ల్యాబ్‌లో చెయ్యాల్సిన పనులు వేరు. ఇప్పుడు వాటి స్థానంలో ఈ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒక వస్తువుని తెర మీద గీసి, దాన్ని చిన్న చిన్న గడులుగా కొయ్యాలి. ఆ గడుల వలని మెష్ అంటారు. వస్తువుని ఎక్కడ బిగించారో, ఎక్కడ బరువు పడుతోందో చెబితే, లోపల ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో అది లెక్క కట్టి రంగుల్లో చూపిస్తుంది. నీలమైతే నిశ్చింత, ఎరుపైతే ప్రమాదం. వినడానికి ఇంతే. పరీక్షలో ఇచ్చే లెక్క కూడా ఏటా ఒకటే: గోడకి బిగించి మీద చెక్క పెట్టుకునే ఎల్ ఆకారపు ఇనప బ్రాకెట్. అలాంటివి పెద్దక్క వర్క్‌షాపులో కళ్లు మూసుకుని గీస్తుంది. అందుకే మొదట్లో నవ్వుకుంది కూడా.

ఇప్పుడు నవ్వడం లేదు.

"బిగించానే! గోడ వైపు ముఖం మొత్తం బిగించాను. కనపడట్లేదా నీకు?" అని లాప్‌టాప్‌ని అడిగింది.

"దాంతో మాట్లాడకమ్మాయ్, చూసేవాళ్లు వేరే అనుకుంటారు," అంది అత్తగారు కూరగాయల బుట్టతో వచ్చి ఎదురుగా కూర్చుంటూ. "బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుంది?"

"ఇది ఒప్పుకుంటే ఇప్పుడే, అత్తయ్యా."

"ఒప్పుకోకపోతే?"

పెద్దక్క మళ్లీ మౌస్ మీదికి వంగింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఆ సాఫ్ట్‌వేర్ నెత్తి మీద లేని బటన్ లేదు. కావలసినది మాత్రం కనపడదు. చివరికి తేలిందేమిటంటే, ఆమె గోడ వైపు ముఖాన్ని ఎంచుకుంది, అది పచ్చగా మెరిసింది కూడా. కాని మూలనున్న ఆవగింజంత టిక్కు గుర్తు నొక్కితే తప్ప అది బిగించినట్టు లెక్క కాదట. ఆ గుర్తు బూడిద రంగులో, బూడిద రంగు పట్టీ మీద ఉంది.

"దీన్ని పెట్టినవాణ్ణి ఒకసారి నాకు చూపించండి చాలు," అంది.

ఈసారి ఎర్ర డబ్బా రాలేదు. లెక్క జరిగింది. బ్రాకెట్ చివర ఎంత కిందికి వంగిందో చూస్తే అది వీధి చివర దాకా వంగినట్టు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు. తప్పులు లేవని పచ్చ అక్షరాల్లో రాసి మరీ చూపించింది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఇదీ ఆ బాపతే. పెద్దక్క కొలతలన్నీ మీటర్లలో గీసింది, ఇనుము గుణాలేమో మిల్లీమీటర్ల లెక్కలో ఇచ్చింది. వర్క్‌షాపులో ఇలాంటి తప్పు చేస్తే ఫోర్‌మన్ కేకలకి రేకులు మోగిపోతాయి. ఇక్కడ కేకలేసే నాథుడు లేడు. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది.

అన్నీ సరిచేసి, ఈసారి గడులు బాగా చిన్నవి చేసింది. ఎంత చిన్న గడులైతే లెక్క అంత బాగా వస్తుందని ల్యాబ్ సార్ క్లాసులో చెప్పాడు. లెక్క మొదలైంది, పట్టీ నత్తలా జరుగుతోంది, లాప్‌టాప్ లోపల పంకా రొద పెడుతోంది. ఆ సందులో స్నానం చేసి వద్దామని లేచింది. తిరిగి వచ్చేసరికి లాప్‌టాప్ మూత వేసి ఉంది. దాని మీద తడిగుడ్డ.

"అత్తయ్యా!"

"పెనంలా కాలిపోతోందమ్మా. ఒకటే రొద. పేలుతుందేమోనని మూతేసి కాస్త చల్లబరిచాను."

మూత తెరిస్తే సాఫ్ట్‌వేర్ చచ్చి ఉంది. భర్త తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి భుజం మీదుగా చూశాడు. ప్రపంచంలో ఆ క్షణాన అడక్కూడని ప్రశ్న ఒకటుంటే అదే అడిగాడు.

"సేవ్ చేశావా?"

పెద్దక్క అతని వైపు చూసిన చూపుకి అతను తువ్వాలుతో సహా లోపలికి వెళ్లిపోయాడు. అత్తగారు మాత్రం కదల్లేదు.

"నా మీద అరవాలనుంటే అరిచెయ్. లోపల పెట్టుకుంటే కడుపునొప్పి."

"మీ మీద ఎందుకరుస్తాను? మీరు నా మంచికే చేశారు."

"అదిగో, ఆ మాటే అరిచినదానికన్నా పెద్దది," అంది అత్తగారు. తడిగుడ్డ పిండుతూ, "మళ్లీ గీస్తావా?" అంది. ఆమెకి కోడలు పాసవ్వాలని ఉంది. సొంత చెల్లెలు తన పెద్దకోడలి డిగ్రీ గురించి ఊదరగొట్టేస్తుంటే వినీ వినీ ఆమె చెవులు వాచిపోయాయి. ఆ సంగతి పెద్దక్కకి తెలుసు. ఆ బరువు కూడా బ్రాకెట్ మీదే పడింది.

మళ్లీ గీసింది. మధ్యాహ్నం భోజనాలు చాప మీద అయ్యాయి. చివరికి రంగులు వచ్చాయి. నీలం, ఆకుపచ్చ, పసుపు, రెండు పలకలూ కలిసే లోపలి మూలలో ఎర్రటి గీత. పెద్దక్క కుర్చీలో వెనక్కి వాలింది. అత్తగారు ఒక్క చూపు చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఇది విరిగిపోయిందే!"

తెర మీద బ్రాకెట్ రబ్బరు ముక్కలా నేలకి వంగిపోయి ఉంది.

"విరగలేదత్తయ్యా. అసలు వంగుడు వెంట్రుకవాసి కూడా ఉండదు. కంటికి కనపడాలని ఇదే వందల రెట్లు పెంచి చూపిస్తుంది."

"గోరంతలు కొండంతలు చెయ్యడానికి మా చెల్లెలుంది కదా. దానికి మళ్లీ ఓ మిషనా?"

పెద్దక్కకి పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు కింద రాసి ఉన్న అంకె చూసే దాకానే. ఆ మూలలో ఒత్తిడి రెండువందల ముప్ఫై. రావాల్సింది నూట నలభై రెండు.

రావాల్సింది నూట నలభై రెండని ఆ కాలేజీలో తెలియనివాళ్లు లేరు. దానికి కారణం ముత్తాత ఫైలు. ఈ ల్యాబ్‌లో ఎవరూ ఏదీ గీయరు. ఎన్నో బ్యాచ్‌ల కిందట ఎవరో పుణ్యాత్ముడు ఈ బ్రాకెట్‌ని గీసి, గడులు కోసి పెట్టాడు. అది సీనియర్ల నుంచి జూనియర్లకి పెన్‌డ్రైవ్‌ల మీద వారసత్వంగా వస్తోంది. పిల్లలు దాన్ని తెరిచి పైనున్న పేరు చెరిపి తమ పేరు పెట్టుకుంటారు, బటన్ నొక్కుతారు, నూట నలభై రెండు వస్తుంది, సార్ టిక్కు పెడతాడు. అయితే ఈసారి ల్యాబ్ తప్పి మళ్లీ రాస్తున్న పాత బాకీల వాళ్లకి మాత్రం ఖాళీ తెర మీద మొదలుపెట్టాలని నిబంధన వచ్చింది. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడట.

ఆదివారం సాయంత్రానికి పెద్దక్క గడుల్ని ఇంకా చిన్నవి చేసింది. రెండువందల తొంభై వచ్చింది. ఇంకా చిన్నవి చేసింది. మూడువందల అరవై దాటింది. చిన్న గడులైతే లెక్క మెరుగవ్వాలి కదా. ఇది మాత్రం ఎంత తోమితే అంత మసి రాలే గిన్నెలా ఉంది.

మర్నాడు ల్యాబ్‌లో పక్క కుర్చీలో చిలక కూర్చుంది. చిలక అంటే నోరు మూతపడని పిల్ల. ల్యాబ్‌కి సరిగ్గా రాక తప్పింది, దాంతో పెద్దక్కతో పాటు మళ్లీ కూర్చుంటోంది.

"పెద్దక్కా, నీ మొహం చూస్తే భయమేస్తోంది. ఎవరితో గొడవ?"

"మూలతో."

"ఏ మూల?"

పెద్దక్క చూపించింది. గడి మార్చిన ప్రతిసారీ పెరుగుతున్న అంకెలు చదివింది. చిలక జాలిగా తలాడించింది.

"గడులు ఎందుకు మార్చావక్కా అసలు? ముత్తాతలో గడి ఎంతుందో అంత పెట్టు. నూట నలభై రెండొస్తుంది. ఇంటికెళ్లి పడుకో."

"అది కాదే. నిజంగా ఎంతని?"

"నిజంగానా?" చిలక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నిజంతో మనకేం పని? నీకు పాస్ కావాలా, బ్రాకెట్ కావాలా?"

పెద్దక్క లేచి ల్యాబ్ సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన వయసులో ఆమెకన్నా చిన్నవాడే. ఆమెని ఏమని పిలవాలో తోచక మొదటి నుంచీ మీరూ అమ్మా అంటూ తడబడతాడు. పనితనం ఉన్న మనిషి, ఆయన మౌస్ కదిలిస్తుంటే చేపపిల్ల ఈదినట్టుంటుంది. అదే చిక్కు. ఏది ఎప్పుడు నొక్కాడో ఎవరికీ కనపడదు. పెద్దక్క అంకెలు చూపించింది. ఆయన తెర మీదికి ఒంగి చూశాడు. ఒక్క క్షణం ఏదో అనబోయినట్టు ఆగాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"ఎక్కడో తప్పు చేశారమ్మా. మళ్లీ మొదట్నుంచి చేసుకురండి."

మళ్లీ మొదట్నుంచి. వర్క్‌షాపు నుంచి ఇంటికి రాగానే, వంటకి ముందు, వంట మధ్యలో, భర్త ఆఫీసు పనికి లాప్‌టాప్ అడిగే లోపల, ఆ బ్రాకెట్‌ని మళ్లీ గీసింది. బిగింపు చూసుకుంది. బరువు చూసుకుంది. కొలమానాలు ఒకటికి పదిసార్లు చూసుకుంది. కూర మాడింది. అంకె పెరిగింది. ఆమెకి తన మీద తనకే అనుమానం వచ్చింది. ఇన్నేళ్లుగా వందల డ్రాయింగులు గీసిన చెయ్యి ఒక ఎల్ ముక్క గీయలేకపోతోందా? పిల్లలు బటన్ నొక్కి పాసైపోతుంటే తను మాత్రం ఎక్కడ తప్పు చేస్తోంది?

"ఆ పాత నంబరే రాసెయ్ రాదూ," అన్నాడు భర్త, మాడిన కూరని ఓర్పుగా కలుపుకుంటూ. "పరీక్ష పాసవ్వడానికేగా."

"నాకు వచ్చింది రాయాలా, వాళ్లకి వచ్చింది రాయాలా?"

"మార్కులొచ్చేది రాయాలి."

"మీరూ చిలకా ఒకటే బడిలో చదివినట్టున్నారు."

"చిలకెవరు?"

"మీకు తెలీదులెండి. తినండి."

"తింటున్నానుగా, అడక్కుండా," అన్నాడు అతను. ఆ మాటకి అత్తగారు చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఆ వారంలోనే ఒకరోజు వర్క్‌షాపులో పెద్దక్క కేబుళ్లు మోసే ట్రేకి ఊతం గీస్తోంది. అది కూడా ఎల్ ముక్కే. రెండు గీతలు గీసింది, లోపలి మూల దగ్గర మామూలుగా చిన్న గుండ్రం ఇచ్చింది, దాని పక్కన కొలత వేసింది. వేసి, అక్కడే ఆగిపోయింది. గుండ్రం ఎందుకిచ్చింది? ఎందుకేమిటి, రేకుని వంచితే మూల గుండ్రంగానే వస్తుంది. కత్తితో కోసినట్టు పదునుగా వంచాలని చూస్తే అక్కడే చీలుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆమె మూలల్ని పదునుగా గీసి ఇస్తే ఫోర్‌మన్ ఆ కాగితాన్ని తెచ్చి ఆమె బల్ల మీద కొట్టాడు కూడా. ఆ తర్వాత చేతికి అలవాటైపోయింది, బుర్రకి పని లేకుండా.

పరీక్ష డ్రాయింగ్‌లో మూల పదునుగా ఉంది. అది కాలేజీ వాళ్లు ఇచ్చింది కాబట్టి ఆమె మారు మాట్లాడకుండా అలాగే గీసింది. పాతికసార్లు గీసింది. చూసింది. తిట్టుకుంది. ఒక్కసారీ చెయ్యి అడ్డం పడలేదు. వర్క్‌షాపులో ఉన్న బుర్రని బస్సెక్కేటప్పుడు అక్కడే వదిలేసి వెళ్తున్నట్టుంది.

ఇంటికి వెళ్లి చెప్పులైనా విప్పకుండా లాప్‌టాప్ తెరిచింది. మూలకి గుండ్రం ఇచ్చింది. గడులు చిన్నవి చేసింది, ఒక అంకె వచ్చింది. ఇంకా చిన్నవి చేసింది, అంకె కొంచెం కదిలింది. ఇంకా చిన్నవి చేస్తే ఇక కదల్లేదు. బుద్ధిగా కూర్చుంది. గుండ్రం తీసేసి చూసింది. మళ్లీ మొదలు, పరుగో పరుగు. తప్పు ఆమె చేతిలో లేదు. మూల పదునుగా ఉన్నంతకాలం అక్కడ లెక్కకి అంతు లేదు. గడి ఎంత చిన్నదైతే అంకె అంత పెద్దదవుతుంది. నూట నలభై రెండు అన్నది బ్రాకెట్ అంకె కాదు, ముత్తాత తన ఓపిక కొద్దీ కోసిన గడి అంకె.

సంతోషించాల్సిందే. ఆమెకి మాత్రం ఒళ్లు మండిపోయింది. మరి ఆ సార్ తప్పు చేశారన్నాడే?

పరీక్ష రోజున ల్యాబ్‌లో పాత బాకీల వాళ్లు గుప్పెడు మంది ఉన్నారు. ఖాళీ తెరలు. పదును మూల ఉన్న అదే డ్రాయింగ్. జవాబు కాగితంలో ఒక డబ్బా, అందులో ఒక అంకె వెయ్యాలి. పెద్దక్క చకచకా గీసింది. ఆవగింజ టిక్కు గుర్తు మరిచిపోలేదు. పక్కన చిలక పెదాలు కదుపుతూ బట్టీ పట్టిన క్లిక్కుల్ని జపంలా చదువుకుంటూ పోతోంది. ఎగ్జామినర్ పక్క గదిలో టీ తాగుతున్నాడు. ల్యాబ్ సార్ వరసగా చూసుకుంటూ పెద్దక్క వెనక ఆగాడు.

"అయిపోయిందా? ఆన్సర్ ఎంత?"

"ఏ గడికి సార్?"

ఆయన తెర వైపు చూశాడు.

"గడి మార్చినప్పుడల్లా మారుతుంది సార్. ఈ మూల పదునుగా ఉన్నన్నాళ్లూ ఇక్కడ ఆన్సర్ లేదు. గుండ్రం ఇచ్చి చూశాను, అప్పుడు నిలబడింది."

ల్యాబ్ సార్ తలుపు వైపు చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"తెలుసమ్మా," అన్నాడు మెల్లగా.

"తెలుసా?"

"తెలీకేం. చేరిన కొత్తల్లో నేనూ పోట్లాడాను. ఒక్కొక్కళ్లకీ ఒక్కో అంకె వస్తే దిద్దేదెలా అన్నారు. అందుకే అందరికీ ఒకే గడి, ఒకే అంకె. వచ్చే ఎగ్జామినర్ చూసేదీ అదే. అంకె కలిస్తే పాస్, కలవకపోతే లేదు. మీకు ఇదే ఆఖరుసారి కదా. రాసెయ్యండి."

"మరి ఆరోజు నేనడిగితే తప్పు చేశారన్నారు!" పెద్దక్క గొంతు లేచింది. చిలక జపం ఆగిపోయింది. "అన్నిసార్లు మళ్లీ గీశాను సార్. ఇంట్లో కూరలు మాడ్చాను. నాకేమీ రాదనుకున్నాను. ఒక్క మాట, ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

"ఆరోజు క్లాసంతా వింటోందమ్మా. ఒకరికి చెబితే అందరూ తలో అంకె పట్టుకొస్తారు. వాళ్ల పాస్‌లకి నేను పూచీ పడలేను." ఆయన మొహం తుడుచుకున్నాడు. "తప్పే. ఇప్పుడు దాని గురించి కూర్చుంటే టైమైపోతుంది. అంకె వెయ్యండి."

ఆయన లేచి వెళ్లాక పెద్దక్క జవాబు డబ్బా వైపు చూసింది. తనది వేస్తే డిగ్రీ పోతుంది. ఆస్పత్రి బెంచీలు, తల్లి మందుల మధ్య చదివిన పుస్తకాలు, గట్టెక్కినవన్నీ పోతాయి. వాళ్లది వేస్తే, వర్క్‌షాపులో రోజూ ఏ పని చెయ్యనని ఒట్టు పెట్టుకుందో ఆ పని చేసినట్టు. చీలుతుందని తెలిసిన మూల కింద సంతకం పెట్టినట్టు.

"పెద్దక్కా, రాసెయ్," అంది చిలక చెయ్యి అడ్డం పెట్టి. "నూట నలభై రెండు. నన్ను చూసైనా రాసెయ్."

పెద్దక్క మౌస్ తీసుకుంది. ముత్తాత గడి ఎంతో అందరికీ తెలిసిందే, అంత పెట్టింది. బటన్ నొక్కింది. నూట నలభై రెండు వచ్చింది. జవాబు డబ్బాలో ఆ అంకె వేసింది. కింద ఖాళీ ఉంది. అక్కడ మొదట గడి కొలత రాసింది. తర్వాత ఇలా రాసింది: ఈ అంకె ఈ గడికి మాత్రమే. గడి తగ్గిస్తే పెరుగుతూ పోతుంది. లోపలి మూలకి గుండ్రం ఇవ్వకుండా, ఈ అంకెని నమ్మి ఎవరూ బ్రాకెట్ చెయ్యకూడదు.

ఎగ్జామినర్ వచ్చాడు. చేతి గడియారం చూసుకుంటూ, కాగితాల మీద అంకె చూస్తూ, టిక్కు పెడుతూ వస్తున్నాడు. పెద్దక్క దగ్గర అంకె చూశాడు, టిక్కు పెట్టాడు, సంతకానికి పెన్ను వంచాడు.

"సార్, కింద కూడా రాశాను. చదవండి," అంది పెద్దక్క.

బల్ల కింద చిలక ఆమె కాలు తొక్కింది. ల్యాబ్ సార్ కిటికీ వైపు తిరిగాడు.

ఎగ్జామినర్ కళ్లజోడు సవరించుకుని చదివాడు. "ఇది అడిగామా?"

"అడగలేదు సార్."

"మరెందుకు రాశారు?"

"కింద నా పేరుంది కాబట్టి సార్. డ్రాయింగులు గీసే ఉద్యోగం నాది. ఎవరి పేరుంటే వాళ్లదే పూచీ."

ఎగ్జామినర్ ఆమెనీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. పెద్దక్క ఆయన పెన్ను వైపే చూసింది. ఎవరడిగారు తనని? పాసయ్యాక నోరు మూసుకుని లేచి రావచ్చుగా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఆయన ఆ వాక్యాల మీద పెన్ను పెట్టాడు. కొట్టెయ్యబోతున్నాడనుకుంది. కొట్టెయ్యలేదు. మెచ్చుకోనూ లేదు. "టైమ్ చాలా మిగిలినట్టుంది మీకు," అని సంతకం పెట్టి పక్క బల్లకి వెళ్లిపోయాడు.

అంతే. పాస్.

వరండాలోకి వచ్చాక చిలక ఆమెని వాటేసుకుని గెంతింది. పెద్దక్క గెంతలేదు. అన్ని రోజుల పరుగుకీ చివర ఒక మనిషి కళ్లజోడు సవరించుకున్నాడు. పాసైనందుకు ఏడవాలో, చదివి వదిలేసినందుకు అరవాలో తెలియక నిలబడింది.

వెనక నుంచి ల్యాబ్ సార్ వచ్చాడు. ఆయన చేతిలో తెల్లకాగితం ఉంది.

"అమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే ఒక ఫిర్యాదు రాసివ్వండి. డ్రాయింగ్ తప్పుగా ఉంది, మార్చాలి అని. నేనడిగితే వినరు. తప్పినవాళ్లు రాస్తే ఏడుపనుకుంటారు. పాసైనవాళ్లు రాస్తే పక్కన పెట్టడం కష్టం."

"ఫిర్యాదు ఎవరి మీద సార్?"

"డ్రాయింగ్ మీద." ఆగి, "నా మీద కూడా రాయొచ్చు," అన్నాడు.

"రాస్తాను," అంది పెద్దక్క. కాగితం లాక్కుని వరండా గోడకి ఆనించింది. "మొత్తం రాస్తాను. మొదట్నుంచి."

"పెద్దక్కా, బస్సు!" అంది చిలక.

"పోనీ. నువ్వూ కింద సంతకం పెడతావా?"

"నేనా? నాకిప్పుడే టిక్కు పడిందక్కా, ఇంకా తడారలేదు." చిలక గేటు వైపు నాలుగడుగులు వేసింది, ఆగింది, వెనక్కి వచ్చి పెద్దక్క మోచేతి కింద నుంచి కాగితంలోకి తొంగి చూసింది. "ముందు నువ్వు బాగా తిట్టు. నచ్చితే పెడతాను."